ఒక్క ఆకారానికి ఒదగని డబుల్ బేస్

సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్ల వరుస చూడండి. ఏ దేశంలో చేసినవైనా, ఏ శతాబ్దానివైనా దాదాపు అన్నిటిదీ ఒకటే రూపు. నడుం ఒంపు, నాలుగు మూలలు, ఉబ్బెత్తు వీపు ఇటలీలో మూడు వందల ఏళ్ల కిందటే స్థిరపడిపోయాయి. అదే వేదిక మీద ఓ పక్కన నిలబెట్టిన డబుల్ బేస్‌ల వైపు చూపు తిప్పితే ఆ ఏకరూపత కనిపించదు. ఒకదాని భుజాలు ఏటవాలుగా జారి ఉంటాయి, పక్కదానివి విశాలంగా పరుచుకుని ఉంటాయి. ఒకదాని వీపు ఉబ్బి ఉంటుంది, ఇంకోదానిది బల్లపరుపుగా ఉంటుంది. కొన్నిటికి మూలలే ఉండవు. నాలుగు శతాబ్దాలు గడిచినా ఈ వాద్యానికి ఇదే రూపమని ఎవరూ తేల్చలేకపోయారు. మంద్ర స్వరం కోరే కొలత ఒకటి, మనిషి చేతికి అందే కొలత మరొకటి కావడమే అందుకు కారణం.

లెక్క కోరే పరిమాణం

వయొలిన్‌లో అన్నిటికన్నా కింది తీగ సెకనుకు 196 సార్లు కంపిస్తుంది. డబుల్ బేస్ కింది తీగ కంపించేది సుమారు 41 సార్లే. రెండిటి మధ్య తేడా నాలుగు ముప్పావు రెట్లు. వయొలిన్ పెట్టె పొడవు దాదాపు 35.5 సెంటీమీటర్లు. దాన్ని అదే నిష్పత్తిలో పెంచుకుంటూ పోతే బేస్ పెట్టె ఒక్కటే 170 సెంటీమీటర్లకు చేరుతుంది. మెడతో కలిపితే 280 దాటుతుంది. అలాంటి వాద్యాన్ని వాయించాలంటే మనిషికి నిచ్చెన కావాలి. ఇవాళ ఎక్కువగా వాడుకలో ఉన్న 'త్రీ క్వార్టర్' సైజు బేస్ మొత్తం ఎత్తు సుమారు 180 సెంటీమీటర్లు, పెట్టె పొడవు 110 పైచిలుకు, మోగే తీగ పొడవు 105 ప్రాంతం. లెక్క ప్రకారం ఉండాల్సిన పరిమాణంలో మూడింట రెండు వంతులన్నమాట.

ఈ లోటును కొంత తీగ పూడ్చింది. స్వరం కిందికి దిగాలంటే తీగ పొడవైనా పెరగాలి, బరువైనా పెరగాలి, బిగువైనా తగ్గాలి. తొలి రోజుల్లో గొర్రె పేగుతో పేనిన తీగలే ఉండేవి. కింది స్వరానికి అవి మరీ లావెక్కి మొద్దుగా పలికేవి. 17వ శతాబ్దం మధ్యకాలంలో పేగు తీగ చుట్టూ సన్నని లోహపు తీగ చుట్టడం మొదలైంది. తీగ అంతగా లావెక్కకుండానే బరువెక్కింది, దాంతో పొడవు తగ్గించినా లోతైన స్వరం దొరికింది. పాతకాలపు భారీ వాద్యాలను విప్పి, అంచులు కోసి, చిన్నవి చేసి మళ్లీ అతికించారు. ఇప్పటికీ వాడుకలో ఉన్న పాత బేస్‌లలో అలా కోత పడినవి చాలా ఉన్నాయి.

మిగిలిన లోటును మన చెవే పూడుస్తుంది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే ఒక నిర్దిష్టమైన స్వరం వస్తుంది కదా, బేస్ పెట్టెలోని గాలికీ అలాంటి సొంత స్వరం ఒకటి ఉంటుంది. అది సుమారు 60 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. 41 హెర్ట్జ్ కింది తీగకు ఆ గాలి తోడ్పాటు పెద్దగా అందదు, కాబట్టి మూల స్వరం బలహీనంగానే వెలువడుతుంది. దాని రెట్టింపు 82, మూడింతలు 123 దగ్గరుండే ఉపస్వరాలు మాత్రం గట్టిగా మోగుతాయి. ఆ వరుసను బట్టి లోపించిన అడుగు స్వరాన్ని మెదడు తానే ఊహించి వినిపిస్తుంది. హాలంతా నింపే ఆ గాంభీర్యంలో సగం చెక్కదైతే సగం మనది.

రెండు వంశాల వారసత్వం

16వ శతాబ్దపు ఇటలీలో కమానుతో వాయించే వాద్యాలకు రెండు వంశాలుండేవి. వయొల్ వంశానిది జారిన భుజాలు, బల్లపరుపు వీపు, మధ్యమ స్వరాల దూరంలో శ్రుతి చేసిన తీగలు. వయొలిన్ వంశానిది ఉబ్బెత్తు వీపు, బయటికి పొడుచుకొచ్చిన మూలలు, పంచమ స్వరాల దూరం. డబుల్ బేస్ రెండిటి నుంచీ పుణికిపుచ్చుకుంది. తీగ పొడవు మీటరు దాటినప్పుడు వేళ్లు పంచమం దాకా సాగవు కనుక శ్రుతి వయొల్ నుంచే వచ్చింది. పెట్టె విషయంలో మాత్రం ప్రతి ఊరి వాద్య నిర్మాతా తన దారి తాను చూసుకున్నాడు.

బ్రెషియా పట్టణపు గాస్పారో ద సాలో (1540–1609) చేసిన బేస్ ఒకటి వెనిస్ కళాకారుడు డొమెనికో డ్రాగొనెట్టి (1763–1846) చేతికి వచ్చింది. ఆయన లండన్‌లో స్థిరపడి, ఆర్కెస్ట్రాలో వెనక నిలబడే ఈ వాద్యంతో యూరప్ అంతటా పేరు తెచ్చుకున్నాడు. చనిపోతూ దాన్ని వెనిస్‌లోని సెయింట్ మార్క్ చర్చికి రాసిచ్చాడు. తర్వాతి తరంలో జొవాని బొత్తెసీని (1821–1889) కార్లో ఆంటోనియో తెస్తోరే చేసిన మూడు తీగల బేస్‌తో కచేరీలు చేశాడు. ఇద్దరు మహానుభావులు, ఇద్దరు వేర్వేరు నిర్మాతల వాద్యాలు. వయొలిన్ నిర్మాత స్ట్రాడివారి లాంటివాడు బేస్‌కు దొరకలేదు, అందరూ అనుకరించే నమూనా ఏర్పడలేదు.

భుజం, మూల, వీపు

ఆకారాన్ని ఎంచుకునేటప్పుడు ముందుగా చూడాల్సింది భుజాలు. తీగ సరిగ్గా సగం పొడవు దగ్గర పై స్థాయి స్వరం ఉంటుంది. అక్కడి నుంచి ఇంకా పైకి వెళ్లాలంటే ఎడమ చెయ్యి పెట్టె భుజం మీదుగా, తీగలను ఎత్తి నిలిపే బ్రిడ్జి వైపు వంగాలి. విశాలమైన భుజాలుంటే లోపల గాలి ఎక్కువ పడుతుంది, స్వరం నిండుగా ఉంటుంది, కాని వాయించేవాళ్ల నడుం విరుగుతుంది. జారిన భుజాలు చేతికి దారి ఇస్తాయి. పెట్టె పక్కల లోతు తగ్గించడం, వీపు పై భాగాన్ని మెడ వైపు కాస్త లోపలికి వంచడం కూడా ఈ ఇబ్బంది తీర్చడానికే.

కళ్లను ముందుగా లాక్కునేవి మూలలు. వయొలిన్ తరహాలో నాలుగు మూలలూ బయటికి పొడుచుకొస్తాయి. గాంబా తరహాలో ఆ కొనలుండవు, పక్క చెక్కలు నడుం దగ్గర మొండి కోణంలో కలుస్తాయి. బుసెట్టో తరహాలో కింది మూలలు గుండ్రంగా తిరుగుతాయి. గిటార్ తరహాలో మూలల ఊసే లేదు, అంచు ఒక్క ఒంపుగా సాగిపోతుంది. వినికిడిలో వీటి వల్ల వచ్చే తేడా ఎంత? 41 హెర్ట్జ్ స్వరానికి గాలిలో తరంగదైర్ఘ్యం 8 మీటర్ల పైమాటే. అంత పెద్ద అలకు కొన్ని సెంటీమీటర్ల మూల కొన ఒక లెక్కలోది కాదు. పలకల మందం, ఉబ్బు, చెక్క నాణ్యత అంతకన్నా ఎన్నో రెట్లు ముఖ్యం. అయితే కమాను ఆడటానికి నడుం లోపలికి ఒదిగి ఉండాలి, అది అన్ని తరహాల్లోనూ ఉంది. పొడుచుకొచ్చిన మూలలు తలుపులకూ మెట్లకూ తగిలి విరుగుతుంటాయి, మూలలు లేనిదానికి ఆ బాధ లేదు.

వీపు సంగతి లోతైనది. ఉబ్బెత్తు వీపుకు మందమైన మేపుల్ చెక్క తీసుకుని లోపలా బయటా చెక్కుకుంటూ రావాలి. చెక్క ఎక్కువ, శ్రమ ఎక్కువ, అందుకే ధరా ఎక్కువ. బల్లపరుపు వీపుకు పల్చని పలక చాలు, కాని అది వంగిపోకుండా లోపల అడ్డపట్టీలు వేయాలి. చిక్కంతా అక్కడే ఉంది. గాలిలో తేమ మారినప్పుడు పలక అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. దాని నారకు అడ్డంగా అతికిన పట్టీ అంతగా కదలదు. ఆ పెనుగులాటలో పట్టీ ఊడుతుంది, లేదా పలక పగులుతుంది. అయినా బల్లపరుపు వీపునే కోరుకునే కళాకారులు ఎందరో ఉన్నారు. స్వరం చప్పున, స్పష్టంగా పలుకుతుందని వాళ్లు అంటారు. ఉబ్బెత్తు వీపు వాద్యంలో స్వరం ఎక్కువసేపు నిలిచి దూరం దాకా వెళ్తుందని రెండో పక్షం వాదన.

రెండు అంచులు

పరిమాణాన్ని చివరిదాకా లాగి చూసినవాడు పారిస్ నిర్మాత జాన్ బాతిస్త్ వియోమ్. 1850 ప్రాంతంలో ఆయన చేసిన ఆక్టోబేస్ ఎత్తు దాదాపు మూడున్నర మీటర్లు. తీగలు చేతికి అందవు కనుక మీటలతో, కాలి పెడళ్లతో లోహపు వేళ్లు నొక్కే యంత్రాంగం అమర్చాడు. అద్భుతమైన పనితనం. కాని వేగంగా కదలలేని ఆ వాద్యం ఆర్కెస్ట్రాలో స్థానం సంపాదించలేకపోయింది. రెండో అంచున అమెరికా ఉంది. షికాగోకు చెందిన కే కంపెనీ 1930ల చివర్లో ప్లైవుడ్ బేస్‌లు చేయడం మొదలుపెట్టింది. పొరలు ఒకదానికొకటి అడ్డంగా అతికి ఉంటాయి కాబట్టి ప్లైవుడ్ తేమకు అంత తేలిగ్గా పగలదు, దెబ్బలకు ఓర్చుకుంటుంది. చెక్కిన వాద్యానికున్న నాదపు సొంపు దానికి లేకపోయినా, ధర అందుబాటులో ఉండటంతో జాజ్ బృందాలతో, బడి పిల్లలతో ఊరూరా తిరిగింది.

ఎంచుకునే క్రమం

కొనేవాళ్లలో చాలామంది మూలల అందం చూసి మనసు పారేసుకుంటారు. నిజానికి వరుస తిరగేయాలి. మొదట వాద్యాన్ని ఒంటికి ఆనించి నిలబడి, ఎడమ చెయ్యి బ్రిడ్జి వైపు తేలిగ్గా దిగుతోందో లేదో చూడండి. పదేళ్ల తర్వాత వెన్ను, మణికట్టు ఎలా ఉంటాయన్నది అక్కడే తేలుతుంది. తర్వాత వీపు చూడండి. బల్లపరుపుదైతే, పట్టీలు గట్టిగా ఉన్నాయేమో ఓ అనుభవజ్ఞుడైన మరమ్మతు పనివాడి చేత లోపల చూపించండి. మూలలు చివరి మాట, అక్కడ మీ కంటికి నచ్చినదే సరైనది. ఆపైన వాద్యాన్ని మరొకరి చేతికిచ్చి, హాలు చివరికి నడిచి వెళ్లి వినండి. పెట్టెకు ఆనుకుని నిలబడిన మనిషి చెవితో పాటు ఒళ్లంతటితోనూ వింటాడు, శ్రోతకు చేరేది వేరు. ఈ పరీక్షలన్నీ నెగ్గిన ఆకారం ఏదైనా సరే, మీ వరకు అదే సరైన ఆకారం. ఎవరి ఒంటికి, ఎవరి చెవికి తగిన వాద్యం వాళ్లకు దొరకాలనే నాలుగు వందల ఏళ్లుగా నిర్మాతలు ఇన్ని దారులు తెరిచి ఉంచారు.