సర్వపిండికి పొక్కలు ఎందుకు?

ఉత్తర తెలంగాణలో వెల్గటూర్‌లోనైనా, కోరుట్లలోనైనా, సిరిసిల్లలోనైనా సర్వపిండి చేసే తీరు ఇంచుమించు ఒక్కటే. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, నువ్వులు, కారం, ఉల్లాకు, కరివేపాకు వేసి, నీళ్లు చల్లుకుంటూ చపాతీ పిండి కన్నా మెత్తగా తడుపుతారు. సర్వ అంటే గుండ్రటి అడుగున్న పాత్ర. దాని లోపల నూనె రాసి, ముద్ద వేసి, వేళ్లు తడి చేసుకుంటూ అడుగంతా పరుస్తారు. పిండి పక్కలకు కూడా కొంత ఎక్కుతుంది. ఆ తర్వాత చూపుడు వేలితో, అంగుళానికొకటి చొప్పున, సర్వ అడుగు తగిలేదాకా పొక్కలు పెడతారు. పొక్క పొక్కలో నూనె చుక్క వేసి, మూత పెట్టి, సన్నటి సెగ మీద ఉంచుతారు. పొక్కలు పెట్టడానికి అరనిమిషం పట్టదు కాబట్టి అది అందం కోసం చేసే పని అనుకుంటాం, లేదా ఆనవాయితీ అని ఊరుకుంటాం. రెండూ తప్పే. సర్వ, మూత, పొక్క కలిస్తే ఒక యంత్రం అవుతుంది. పిండిని తిరగెయ్యకుండానే కిందా పైనా కాల్చే యంత్రం అది. గోధుమను నమ్ముకోని జనాలకు ఎదురైన ఒక పెద్ద చిక్కుకు మన వంటిల్లు ఇచ్చిన జవాబు అది.

ఆ చిక్కు పిండిలోనే ఉంది. గోధుమపిండిలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల ప్రోటీన్లు ఉంటాయి. నీళ్లు పోసి పిసికితే అవి ఒకదానితో ఒకటి ముడిపడి గ్లూటెన్ అనే సాగే వలగా మారతాయి. చపాతీని కర్రతో ఒత్తినా, చేత్తో ఎత్తినా, పెంక మీద ఎన్నిసార్లు తిరగేసినా చిరగనిది ఆ వల వల్లనే. బియ్యం, మక్క, జొన్న పిండిలో ఆ వల లేదు. చల్లటి నీళ్లతో తడిపిన బియ్యప్పిండి ముద్దగా నిలుస్తుంది గానీ, పలచగా చేసి అంచు పట్టుకొని ఎత్తితే విరిగిపడుతుంది. సర్వపిండిలో పైగా పప్పు బద్దలు, పల్లీ ముక్కలు ఉంటాయి. ఒక్కో బద్ద పక్కనుంచి ఒక్కో పగులు మొదలవుతుంది. ఎత్తలేని పిండిని తిప్పలేము. తిప్పకపోతే కింద మాడుతుంది, పైన పచ్చిగా మిగులుతుంది. కాబట్టి పిండిని మోసేది ఒకటి కావాలి, వంట పూర్తయ్యేదాకా అది పిండిని వదలకూడదు, పై వైపుకు వేడి ఇంకో దారిన రావాలి.

జొన్నపిండిలోనూ గ్లూటెన్ లేదు కదా, అయినా జొన్నరొట్టెను తట్టి, ఎత్తి, పెంక మీద తిరగేస్తున్నారు కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. జొన్నరొట్టె పిండిలో మసిలే నీళ్లు పోస్తారు. ఆ వేడికి పిండిలో కొంత భాగం గంజిలా మారి జిగురిస్తుంది. లేని వల పనిని ఆ జిగురు కాసేపు చేస్తుంది. అది బలహీనమైన జిగురు కనుకనే రొట్టె తట్టడం నేర్చుకోవడానికి అంత కాలం పడుతుంది. దాంట్లో శనగపప్పు, ఉల్లాకు కలిపితే అంత పలచటి రొట్టె నిలవడం కష్టం. దోశది మరో ఉపాయం. పిండిని జారుగా చేసి, మినుముల జిగటను తోడు పెట్టి, అప్పటికే కాగిన పెంక మీద పోస్తారు. పలచటిది కాబట్టి కాసేపట్లో అవుతుంది. ఆత్రేయపురం పూతరేకు ఇంకా తెలివైనది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ వీపు మీద ఒకసారి లాగుతారు, క్షణాల్లో రేకు లేస్తుంది. గోదావరి కింది గట్టున కుండ బయటి వైపును వాడుకుంటే, పైనున్న మనవాళ్లు పాత్ర లోపలి వైపును వాడుకున్నారు. కానీ దోశకూ పూతరేకుకూ లేని బరువు సర్వపిండి మీద ఉంది. మందంగా ఉండాలి, నానిన పప్పు లోపల ఉడకాలి, అడుగు మాత్రం కరకరలాడాలి. ఆ మూడూ నిమిషంలో అయ్యే పనులు కావు.

ఇప్పుడు మూత కింద జరిగేది చూద్దాం. ఒక గ్రాము నీళ్లను 30 డిగ్రీల నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 70 కేలరీల వేడి చాలు. అదే గ్రామును 100 డిగ్రీల దగ్గర ఆవిరిగా మార్చాలంటే మరో 540 కేలరీలు కావాలి. అందుకే తడి ఉన్నంతసేపు పిండి 100 డిగ్రీలు దాటదు. ఎర్రటి రంగు, కమ్మటి వాసన పుట్టించే రసాయన చర్య జోరందుకోవాలంటే 140 డిగ్రీలు కావాలి. అంటే అడుగు ముందు ఎండాలి, తర్వాతే ఎర్రబడాలి. ఎండడమంటే ఆవిరి పోవడం. ఆవిరైన నీరు దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది. పొక్కలు లేకపోతే అదంతా పిండికీ లోహానికీ నడుమ చిక్కుకుంటుంది. చదును పెంక మీదైతే అంచులనుంచి కొంత జారిపోయేది. సర్వలో పిండి పక్కలకు కూడా అంటుకొని ఉంటుంది కాబట్టి ఆ దారి కూడా మూసినట్టే. ఎనిమిది అంగుళాల బిళ్లలో నడుమ పుట్టిన ఆవిరి నాలుగు అంగుళాలు పాక్కుంటూ పోవాలి. పోలేక పిండిని పైకి ఉబ్బిస్తుంది. ఉబ్బిన చోట లోహం అందక మెత్తగా మిగులుతుంది, అంటుకున్న చోట మాడుతుంది. అంగుళానికో పొక్క ఉంటే ఏ చోటినుంచైనా అర అంగుళం, ముప్పావు అంగుళంలో దారి దొరుకుతుంది. అడుగంతా లోహాన్ని అంటిపెట్టుకొని ఒకే తీరుగా ఎండుతుంది.

పొక్కలోంచి పైకొచ్చిన ఆవిరి వృథాగా పోదు. మూత ఉంది కనుక అది పిండి పై వైపున, అక్కడ ఇంకా చల్లగా ఉన్న చోట, మళ్లీ నీరవుతుంది. అలా మారేటప్పుడు తాను మోసుకొచ్చిన 540 కేలరీలను అక్కడే దింపుతుంది. అడుగున కాలడానికి ఖర్చయిన వేడే పైన ఉడకడానికి పనికొస్తోందన్నమాట. బియ్యపు గంజి పట్టడానికి 65 నుంచి 80 డిగ్రీలు చాలు, ఆ వేడి ఈ దారిన సులభంగా అందుతుంది. పొక్క ఆ రెండు అంతస్తులను కలిపే గొట్టం. అందులో వేసిన నూనె చుక్క అడుగు వరకూ దిగి, పొక్క అంచును వేయిస్తూ, జిగురు లోహానికి అంటకుండా అడ్డుపడుతుంది. జొన్నరొట్టె పొంగితే సంతోషిస్తాం కదా, సర్వపిండి పొంగితే నష్టమేమిటని అడిగితే జవాబు ఇక్కడే ఉంది. రొట్టెను తిప్పుతాం కాబట్టి పొంగడం దానికి మేలు. సర్వపిండిని తిప్పము కాబట్టి పొంగితే దానికి పొయ్యితో తెగతెంపులే.

ఇదే చిక్కును భూగోళం అవతల మెక్సికో ఆడవాళ్లు మరో దారిలో విప్పారు. వాళ్ల తమాలే మక్కపిండితో చేసేది. ఎండిన మక్క కంకి ఆకులను వేడినీళ్లలో నానబెట్టి మెత్తబరుస్తారు. నునుపు వైపు పైకి పెట్టి, వెడల్పాటి కొసన గరిటె వీపుతోనో తడి వేళ్లతోనో మాసా అనే పిండిముద్దను పలచగా పరుస్తారు, సన్నటి కొసను ఖాళీగా వదిలేస్తారు. నడుమ మాంసమో చిక్కుడుగింజలో పెట్టి, చుట్టి, ఖాళీ కొసను మడిచి, కుండలో నిలబెట్టి ఆవిరి మీద గంటకు పైగా ఉడికిస్తారు. ఆకు పిండిని మోస్తుంది, చివరిదాకా వదలదు, ఆవిరి అన్ని వైపులనుంచీ అందుతుంది. మన దగ్గర సర్వ చేసే పనే అక్కడ కంకి ఆకు చేస్తోంది. పేర్లు కూడా సాక్ష్యమిస్తాయి. అక్కడి నహువాత్ల్ భాషలో తమల్లి అంటే చుట్టినది అని చెబుతారు. మన వంటకానికి సర్వపిండి, గిన్నప్ప, తపేలా చెక్క అని పేర్లన్నీ పాత్రమీదే వచ్చాయి. రెండు చోట్లా జనం అది ఏ పిండి అన్నదాన్ని కాకుండా పిండిని మోసిన తీరును బట్టి పేరు పెట్టుకున్నారు. ఉడికిందా లేదా అని చూసే తీరూ ఒకటే. తమాలే ఉడికితే ఆకునుంచి శుభ్రంగా ఊడి వస్తుంది. సర్వపిండి కాలితే అంచులు తమంతట తామే సర్వను వదులుతాయి.

ఆనవాయితీలా కనిపించే చిన్న పని లోపల ఎంత శాస్త్రం దాగి ఉంటుందో మక్క చరిత్రే చెబుతుంది. మాసాకు వాడే మక్కలను ముందు సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నానబెట్టి, పొట్టు కడిగి రుబ్బుతారు. ఈ పద్ధతికి కనీసం మూడు వేల ఏళ్ల వయసుంది. సున్నం గింజ పొట్టును కరిగిస్తుంది, పిండికి పరచడానికి వీలైన జిగట ఇస్తుంది, గింజలో బంధించి ఉన్న నియాసిన్ అనే విటమిన్‌ను విడిపిస్తుంది. స్పెయిన్ వాళ్లు మక్కలను యూరప్‌కు తెచ్చారు, సున్నపు పనిని అక్కడే వదిలేశారు. మక్కల మీదే బతికిన పేదల్లో చర్మం మండి పొలుసులు లేచే జబ్బు పుట్టింది. దాన్ని 1735లో స్పెయిన్ వైద్యుడు గాస్పర్ కసాల్ గుర్తించాడు, 1771లో ఇటలీ వైద్యుడు ఫ్రపోలి పెల్లగ్రా అని పేరు పెట్టాడు, లోపం నియాసిన్‌దే అని 1937లో శాస్త్రవేత్త కొన్రాడ్ ఎల్వెహ్యెం పని తర్వాతే తేలింది. ఒక వంటింటి మెట్టును వదిలేసిన తప్పు తెలుసుకోవడానికి రెండు వందల ఏళ్లు పట్టింది. దక్కనులో జొన్నల మీద బతికిన పేదల్లోనూ పెల్లగ్రా కనిపించింది. హైదరాబాద్‌లో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా దాన్ని పరిశీలించి, జొన్నల్లో ఎక్కువగా ఉండే ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం పాత్ర ఉండవచ్చని 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. వాళ్లు పనిచేసిన పరిశోధనశాలే తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది.

సర్వపిండి మనకు తాతముత్తాతలనాటిది, దాన్ని మెక్సికోతో పోల్చడమెందుకు అని నొచ్చుకునేవాళ్లు ఉండవచ్చు. వెల్గటూర్ మండలంలోనే, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట, కోటిలింగాల ఉంది. శాతవాహనుల తొలి రాజు శ్రీముఖుడి నాణేలు దొరికిన ఊరు. ఆ ఊరివాళ్లు బియ్యం, నువ్వులు ఎరిగి ఉండవచ్చు గానీ మిరపకాయను, పల్లీని, మక్కను చూసే వీలు లేదు. ఈ మూడూ అమెరికా ఖండాలవి, 1498లో పోర్చుగీసు ఓడలు మన తీరానికి వచ్చాకే ఇక్కడ అడుగుపెట్టాయి. ఇవాళ మనం తినే సర్వపిండికి ఐదు వందల ఏళ్లకు మించి వయసు ఉండదు. ఇందులో చిన్నబోవలసింది నాకేమీ కనిపించదు. కారం, పల్లీ తెచ్చుకున్నవే, సర్వలో పరిచి పొక్క పెట్టిన ఆలోచన మాత్రం ఇక్కడిది.

పాత్ర లోహం కూడా ఈ యంత్రంలో భాగమే. పాత సర్వలు ఇత్తడివి, లోపల కళాయి ఉండేది. కళాయి అంటే తగరం, అది 232 డిగ్రీలకే కరుగుతుంది. నీళ్లున్న కూర వండితే దానికి ప్రమాదం లేదు, ఎండిన పిండి కింద పెద్దమంట పెడితే కరిగిపోతుంది. సన్నటి సెగ అనే నియమానికి రుచితో పాటు ఇదీ కారణమై ఉండాలి. గుండ్రటి అడుగు మూడు రాళ్ల పొయ్యి మీద కుదురుగా కూర్చుంటుంది, మంట అడుగంతా నాకుతుంది. అల్యూమినియంను చౌకగా తీసే పద్ధతి 1886లో వచ్చింది. 1898 ప్రాంతంలో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మద్రాసు స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో దానితో వంటపాత్రలు చేయించడం మొదలుపెట్టాడు. మన ఇళ్లలో సిల్వర్ గిన్నె అనేది అదే. ఇత్తడికి రెండింతలు, స్టీలుకు పదిహేను రెట్లు వేగంగా వేడిని పంచుతుంది. స్టీలు గిన్నెలో సర్వపిండి మచ్చలు మచ్చలుగా మాడడానికి కారణం చేసేవారి చేతి తప్పు కాదు, ఆ లోహమే.

ఇక నాన్‌స్టిక్ పెంక ఉండగా సర్వతో పనేమిటి అనే మాట. 1938లో రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్ చేతికి అనుకోకుండా చిక్కిన టెఫ్లాన్‌ను 1950లలో ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ పెనానికి అతికించాక పిండి అంటుకోవడమన్న భయం పోయింది. నిజమే, దానిమీద మంచి సర్వపిండి వస్తుంది. వచ్చేది కూడా పొక్కలు, మూత ఉన్నందువల్లే. పాత సర్వకు అసలు లోపం అంటుకోవడం కాదు, త్వరగా చల్లారకపోవడం. ఒకటి తీశాక సర్వ కాగి ఉంటుంది. అందులో రెండో ముద్ద వేస్తే తగిలిన చోటల్లా గంజి పట్టి పరచడానికి లొంగదు, వేళ్లు కాలుతాయి. అందుకే బయటి అడుగున నీళ్లు పోసి చల్లారుస్తారు, లేదా రెండు సర్వలు పెట్టుకొని మార్చి మార్చి వాడతారు. తమాలేకు ఈ బాధ లేదు. పరచడం ఆకుమీద, ఉడకడం కుండలో, రెండు పనులూ వేరు కనుక ఒకే కుండలో పదులకొద్దీ ఉడుకుతాయి. ఇప్పుడు కొందరు తడి గుడ్డ మీదో అరటాకు మీదో పిండిని పరిచి, కాగిన పెంక మీద బోర్లించి, గుడ్డను మెల్లగా ఊడదీస్తున్నారు. పరిచేదాన్నీ కాల్చేదాన్నీ విడదీసిన ఉపాయమది, కంకి ఆకుకు దగ్గరి చుట్టం. కాకపోతే బోర్లించేటప్పుడు పొక్కలు పూడుకుపోతాయి. పెంక మీద పడ్డాక వేలు పెట్టలేరు కాబట్టి గరిటె కాడతో మళ్లీ పెట్టి, నూనె చుక్క వేసి, అప్పుడు మూత పెట్టాలి.