రెండే రంగులతో లోకం

1930లో హాలీవుడ్‌లోని యూనివర్సల్ స్టూడియో ‘కింగ్ ఆఫ్ జాజ్’ అనే సంగీత చిత్రాన్ని తీసింది. పాల్ వైట్‌మన్ వాద్యబృందమే దానికి ప్రధాన ఆకర్షణ. ఆ బృందం పేరు చెప్పగానే అప్పటి శ్రోతలకు గుర్తొచ్చేది జార్జ్ గెర్ష్విన్ కూర్చిన ‘రాప్సడీ ఇన్ బ్లూ’. పేరులోనే నీలం ఉంది కాబట్టి సెట్టూ దుస్తులూ నీలంగా ఉంటేనే అందం. చిక్కల్లా ఏమిటంటే, ఆ సినిమా తీస్తున్న టెక్నికలర్ పద్ధతిలో నీలం రాదు. దర్శకుడు జాన్ ముర్రే ఆండర్సన్, కళాదర్శకుడు హెర్మన్ రోస్ కలిసి రకరకాల గుడ్డలనూ రంగులనూ కెమెరా ముందు పెట్టి పరీక్షించారు. చివరికి నేపథ్యానికి బూడిదరంగూ వెండిరంగూ ఎంచుకున్నారు. వాటి పక్కన ఆ పద్ధతిలో దొరికే నీలిఛాయ ఆకుపచ్చ, వీలైనంత నీలంగా కనబడింది. ఆ విడత కళాదర్శకత్వానికి ఆస్కార్ రోస్‌కే దక్కింది.

నీలం ఎందుకు రాదు? ఆ పద్ధతిలో ఉన్నవి రెండే మూల రంగులు.

ఇప్పుడు మన ఫోను తెర ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు వెలుగులను కలిపి రంగులన్నీ చూపిస్తోంది. మన కంటిలో రంగును పట్టే శంకు కణాలు మూడు రకాలు కాబట్టి మూడు వెలుగులతో పని జరిగిపోతుంది. 1861లోనే జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక గళ్ళ రిబ్బను ఫొటోలను మూడు ఫిల్టర్ల గుండా తెర మీద కలిపి చూపించాడు. అంటే మూడు కావాలని సినిమా పుట్టకముందే తెలుసు. అయినా 1909 నుంచి 1950ల దాకా ఎన్నో రంగుల చిత్రాలు రెండు మూల రంగులతోనే వచ్చాయి. మూడింటిని మోయగల యంత్రం ఇంకా చేతికి రాకపోవడం ఒక కారణం, వచ్చాక దాని ఖర్చు భరించలేకపోవడం ఇంకో కారణం.

రెండు రంగులతో ఏం దొరుకుతుందో, ఏం పోతుందో కాస్త లెక్కగా చూద్దాం. మూడు మూల రంగులను ఒక త్రికోణం మూలల్లో పెడితే, లోపల ఉన్న రంగులన్నీ మనవే. రెండే ఉంటే త్రికోణం పోయి ఒక గీత మిగులుతుంది. మూడుంటే పొలమంతా తిరగొచ్చు, రెండుంటే గట్టు మీద నడవడమే. ఆ గీత ఎటునుంచి ఎటు పోవాలో మాత్రం మన చేతిలో ఉంది. దానికి ఒక షరతు ఉంది: గీత మధ్యలో తెలుపు, బూడిదరంగు పడాలి. లేకపోతే తెల్లచొక్కా కూడా రంగు పులుముకున్నట్టు కనిపిస్తుంది. మామూలు ఎరుపుకు మామూలు ఆకుపచ్చ వెలుగు కలిపితే పసుపు వస్తుంది గానీ తెలుపు రాదు. అందుకని ఆకుపచ్చలోకి కొంత నీలం, ఎరుపులోకి కొంత నారింజ తెచ్చారు. అలా ఒక కొస నారింజ ఎరుపు, రెండో కొస నీలిఛాయ ఆకుపచ్చ అయ్యాయి. మధ్యలో తెలుపు నిలబడింది. అసలైన నీలం, ఊదా, నిమ్మపండు పసుపు గీతకు అవతల ఉండిపోయాయి.

ఈ గీతనే ఎందుకు ఎంచుకున్నారు? మనిషి ముఖం కోసం. తెల్లవారైనా నల్లవారైనా చామనఛాయవారైనా చర్మం రంగు నారింజ వైపే ఉంటుంది. తేడా అంతా ఎంత ముదురు, ఎంత లేత అన్నదే. మట్టి, చెక్క, ఇటుక కూడా అటువైపువే. చెట్లూ చేలూ అవతలి కొసకు దగ్గర. ఆకాశం కాస్త పచ్చబడినా ప్రేక్షకుడు సర్దుకుంటాడు, నాయిక బుగ్గలు పచ్చబడితే మాత్రం సహించడు. పోగొట్టుకోక తప్పనప్పుడు ఏది పోగొట్టుకోవాలో తెలిసి చేసిన నిర్ణయమది. రెండు రంగుల పద్ధతిని మూడు రంగులదానికి పనికిమాలిన నకలుగా చూసేవాళ్ళు ఈ సంగతి మరిచిపోతారు.

వ్యాపారంగా నిలబడిన మొదటి సహజవర్ణ చలనచిత్ర పద్ధతి కినెమాకలర్. దాని కథ ఒక వైఫల్యంతో మొదలైంది. ఎడ్వర్డ్ టర్నర్ అనే ఇంగ్లిషు ఫొటోగ్రాఫర్ 1899లో మూడు రంగుల చలనచిత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా ఒకదాని వెంట ఒకటిగా తీసిన ఫ్రేములను మూడు కటకాల ప్రొజెక్టరుతో తెర మీద ఒకచోట కలపాలి. ఆ మూడూ కుదురుగా కలవనే లేదు. 1903లో టర్నర్ చనిపోయాడు. ఆ ప్రయోగాలకు డబ్బు పెడుతున్న చార్లెస్ అర్బన్, పనిని బ్రైటన్ ప్రాంతంలో ఉండే జార్జ్ ఆల్బర్ట్ స్మిత్‌కు అప్పగించాడు. స్మిత్ కూడా మూడింటితో కొంతకాలం కుస్తీ పట్టి, ఒకటి వదిలేశాడు. 1906లో రెండు రంగుల పద్ధతికి పేటెంట్ అడిగాడు. 1909 ఫిబ్రవరిలో లండన్ ప్యాలెస్ థియేటర్లో డబ్బిచ్చి టిక్కెట్టు కొన్న జనం దాన్ని చూశారు.

కినెమాకలర్ ఫిల్మును చేత్తో పట్టుకుని చూస్తే అందులో రంగే ఉండదు, అంతా నలుపు తెలుపే. కెమెరాలో కటకం దగ్గర తిరిగే చక్రానికి ఒకవైపు ఎర్ర ఫిల్టరు, ఇంకోవైపు ఆకుపచ్చ ఫిల్టరు. సెకనుకు 32 ఫ్రేములు, ఒకటి ఎరుపుది, మరుసటిది ఆకుపచ్చది. ఎర్రజెండా ఉందనుకోండి. ఎరుపు ఫ్రేములో జెండా ఉన్నచోటు ప్రింటులో తెల్లగా, ఆకుపచ్చ ఫ్రేములో నల్లగా వస్తుంది. ప్రొజెక్టరులోనూ అలాంటి చక్రమే తిరుగుతుంది. ఎరుపు వంతు వచ్చినప్పుడు జెండా చోట వెలుగు దూసుకొస్తుంది, ఆకుపచ్చ వంతులో ఆగిపోతుంది. ఆ వేగానికి కన్ను రెండింటినీ కలిపేసుకుని ఎర్రజెండా చూస్తుంది. అంతా బాగుంది గానీ, ఎరుపు ఫ్రేముకూ ఆకుపచ్చ ఫ్రేముకూ మధ్య సెకనులో 32వ వంతు గడిచిపోతుంది. ఈలోపు పరుగెత్తే గుర్రం కాలు ముందుకు కదులుతుంది. దాంతో ఆ కాలికి ఒక అంచున ఎరుపు, ఇంకో అంచున ఆకుపచ్చ తేలేవి.

అందుకే మెల్లగా సాగే ఊరేగింపులు ఈ పద్ధతికి బాగా నప్పాయి. 1911 డిసెంబర్ 12న ఢిల్లీలో అయిదో జార్జ్ పట్టాభిషేక దర్బారు జరిగింది. ఆ ఏడాదే గద్దెనెక్కిన హైదరాబాద్ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌తో సహా సంస్థానాధీశులంతా రాజుకు సలాం చేయడానికి వెళ్ళారు. అర్బన్ మనుషులు దాన్ని కినెమాకలర్‌లో తీశారు. 1912 ఫిబ్రవరి నుంచి లండన్ స్కాలా థియేటర్లో ఆ దర్బారు చిత్రాలకు జనం విరగబడ్డారు. ఎర్ర యూనిఫాములు, గోధుమరంగు దుమ్ము, ఏనుగుల మీది అలంకారాలు: గీత మీద పట్టే రంగులే ఎక్కువ. ఆ చిత్రాల్లో ఇప్పటికి మిగిలింది కొద్ది భాగమే.

కినెమాకలర్‌ను దెబ్బకొట్టింది కూడా నీలమే. పోటీదారుడైన విలియం ఫ్రీజ్-గ్రీన్ వైపునుంచి కేసు పడింది. సహజమైన రంగులు చూపిస్తానని చెప్పుకున్న పద్ధతి నీలాన్ని చూపలేకపోతోందన్నది వాదన. 1914లో అప్పీలు కోర్టు పేటెంట్ చెల్లదంది, 1915లో ప్రభువుల సభ కూడా అదే ఖాయం చేసింది. ఒక రంగు లేకపోవడం మీద ఒక పరిశ్రమ భవితవ్యం కోర్టులో తేలింది.

అదే 1915లో అమెరికాలో హెర్బర్ట్ కాల్మస్, డానియెల్ కామ్‌స్టాక్, బర్టన్ వెస్కాట్ టెక్నికలర్ సంస్థను పెట్టారు. కాల్మస్, కామ్‌స్టాక్ చదివిన మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ నుంచే ఆ ‘టెక్’. కినెమాకలర్‌లోని కాలం తేడాను వాళ్ళు మొదటే తీసేశారు. కటకం వెనక పట్టకం పెట్టి వెలుగును రెండుగా చీల్చి, ఎరుపు ఫ్రేమునూ ఆకుపచ్చ ఫ్రేమునూ ఒకే క్షణంలో తీశారు. 1917లో వచ్చిన ‘ది గల్ఫ్ బిట్వీన్’ను మాత్రం ప్రత్యేక ప్రొజెక్టరుతో, రెండు బొమ్మలను సరిగ్గా ఒకదానిమీద ఒకటి కూర్చోబెడుతూ చూపాల్సి వచ్చింది. ఊరూరా థియేటర్లలో అది జరిగే పని కాదని తేలిపోయింది.

అప్పుడు రంగును ప్రొజెక్టరులోంచి తీసి ఫిల్ముకే ఎక్కించారు. రెండు పలచని ఫిల్ములు తీసుకుని, ఎరుపు ఫ్రేముల ప్రింటుకు నీలిఛాయ ఆకుపచ్చ, ఆకుపచ్చ ఫ్రేముల ప్రింటుకు నారింజ ఎరుపు పట్టించి, వీపుకు వీపు ఆనించి అతికించారు. ఇది తిరగేసినట్టు అనిపిస్తుంది గానీ తర్కం సరైనదే. ఎరుపు లేనిచోట ఎరుపు వెలుగును అడ్డుకోవాలి, దాన్ని అడ్డుకునే రంగు నీలిఛాయ ఆకుపచ్చ. 1922లో అన్నా మే వాంగ్ నాయికగా వచ్చిన ‘ది టోల్ ఆఫ్ ది సీ’ ఇలా తయారైందే. 1926లో డగ్లస్ ఫెయిర్‌బాంక్స్ ‘ది బ్లాక్ పైరేట్’ కూడా అంతే. సముద్రదొంగల కథలో సముద్రపు నీలం రాదని తెలిసే, సినిమా మొత్తాన్ని గోధుమ, ఆలివ్ ఛాయల్లో అణచిపెట్టి తీశారు. అతుకు మాత్రం ఏడిపించింది. ప్రొజెక్టరు దీపం వేడికి ఆ జంట ఫిల్ము వంగిపోయి, తెర మీద బొమ్మ మసకబారేది. 1928లో ‘ది వైకింగ్’తో రెండు రంగులనూ ఒకే ఫిల్ము మీద అచ్చు వేసే పద్ధతి వచ్చాక ఆ బాధ తీరింది. 1932లో డిస్నీ కార్టూన్ ‘ఫ్లవర్స్ అండ్ ట్రీస్’తో మూడో రంగు చేరింది. 1933లో వచ్చిన ‘మిస్టరీ ఆఫ్ ది వాక్స్ మ్యూజియం’ రెండు రంగుల టెక్నికలర్‌లో చివరి పెద్ద చిత్రాల్లో ఒకటి.

మూడు రంగుల కెమెరా బరువైనది, అద్దె భారీ. కాబట్టి తక్కువ ఖర్చు చిత్రాలవాళ్ళు రెండు రంగులను పట్టుకునే ఉన్నారు. వాళ్ళకు దొరికింది సినీకలర్. రెండు ఫిల్ములను ముఖాముఖి ఆనించి ఒకే కెమెరాలో నడుపుతారు. ముందరిది తన వెలుగు తాను తీసుకుని ఎరుపును వెనకదానికి వదులుతుంది. ప్రింటు ఫిల్ముకు రెండు వైపులా రసాయనపు పొర, ఒకవైపు ఒక రంగు, ఇంకోవైపు ఇంకొకటి. మన దేశంలో తయారైన మొదటి రంగుల కథాచిత్రం ‘కిసాన్ కన్య’ (1937) ఈ పద్ధతిదే. మోతీ గిద్వానీ దర్శకుడు, నిర్మాత ఇంపీరియల్ కంపెనీ అధిపతి అర్దేషిర్ ఇరానీ.  అలా ఆ కంపెనీ దేశపు వెండితెరకు రెండు రంగులు అద్దింది.

‘కింగ్ ఆఫ్ జాజ్’లో గీత మీద లేని నీలం బూడిదరంగు పక్కన ఎలా ‘కనబడింది’ అన్న ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. జవాబు కోసం ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. చీకటి గదిలో తెల్లగోడ ముందు రెండు ఫోన్ల టార్చీలు కాస్త ఎడంగా పెట్టి వెలిగించండి. ఒకదానికి పారదర్శకమైన ఎర్ర కాగితం కట్టి, రెండోదాన్ని తెల్లగానే ఉంచండి. రెండింటి వెలుగూ పడేచోట గోడకు కాస్త ముందు వేలు పెట్టండి. గోడ మీద రెండు నీడలు పడతాయి. తెల్లవెలుగుకు వేలు అడ్డుపడ్డచోట నీడ ఎర్రగా ఉంటుంది, అది సహజమే. ఎర్రవెలుగుకు అడ్డుపడ్డ నీడలో ఉన్నది ఉత్త తెల్లవెలుగు. అది మాత్రం నీలిఛాయ ఆకుపచ్చగా కనిపిస్తుంది! గదిలో ఆకుపచ్చ దీపమే లేదు. చుట్టూ ఎరుపు పరుచుకుని ఉండటంతో, ఎరుపు తక్కువైన చోటును మన చూపు ఎదుటి కొసకు నెట్టేసింది.

పోలరాయిడ్ స్థాపకుడు ఎడ్విన్ లాండ్ 1950లలో దీన్ని చాలా దూరం తీసుకెళ్ళాడు. ఎరుపు, ఆకుపచ్చ ఫిల్టర్ల గుండా తీసిన రెండు నలుపు తెలుపు స్లయిడ్లలో మొదటిదాన్ని ఎర్రవెలుగుతో, రెండోదాన్ని మామూలు తెల్లవెలుగుతో కలిపి వేశాడు. లెక్క ప్రకారం తెర మీద ఎరుపు, గులాబీ, తెలుపు మాత్రమే ఉండాలి. చూసినవాళ్ళకు మాత్రం ఆకుపచ్చలూ గోధుమలూ పసుపులూ కాస్త నీలం కూడా కనిపించాయి. 1959 మేలో ‘సైంటిఫిక్ అమెరికన్’లో ఆయన వ్యాసం వచ్చాక పెద్ద చర్చ జరిగింది. రంగు నీడల సంగతి పాతదేననీ, ఇందులో కొత్త సిద్ధాంతమేమీ అక్కర్లేదనీ కొందరన్నారు. వాళ్ళ మాటలో నిజముంది. అయినా రంగు వస్తువు నుంచి వచ్చే వెలుగులోనే లేదు, పక్కనున్నవాటితో కన్ను చేసే పోలికలో కూడా ఉందని అంత గట్టిగా చూపించిన ప్రయోగాలు తక్కువ.

రెండు రంగుల గీత ఇప్పటికీ పోలేదు. పాత పత్రికల లోపలి పేజీల్లో నలుపుకు ఇంకొక రంగు తోడైతే చాలు, బొమ్మకు ప్రాణం వచ్చేది. ఈనాటి యాక్షన్ సినిమాల్లో ముఖాలు నారింజగా, నీడలు నీలిఛాయ ఆకుపచ్చగా ఉండేలా రంగు దిద్దుతున్నారు. కంప్యూటర్లో కోట్ల రంగులున్నా ముఖం ఎత్తి చూపడానికి మళ్ళీ ఆ పాత గీత మీదికే వస్తున్నారు. ‘ది ఏవియేటర్’ (2004) మొదటి భాగంలో మార్టిన్ స్కోర్సెసి ఆ పాత పద్ధతినే కంప్యూటర్‌తో తిరిగి తెచ్చాడు. అందులో పళ్ళెంలోని బఠాణీలు కూడా నీలిఛాయలో ఉంటాయి.

ఈ చిత్రాలను ఎలా కాపాడాలన్నదానికి నాకు నచ్చిన ఉదాహరణ ‘ది టోల్ ఆఫ్ ది సీ’. 1985లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ ఆర్కైవ్ దాన్ని బాగుచేసినప్పుడు చివరి భాగం దొరకలేదు. కథ సముద్రం దగ్గర ముగియాలి. వాళ్ళు కొత్త ఫిల్ముతో నీలి సముద్రాన్ని తీసి అతికించలేదు. నాటి రెండు రంగుల టెక్నికలర్ కెమెరానే తీసుకెళ్ళి పసిఫిక్ తీరంలో సముద్రాన్ని చిత్రించారు. కాబట్టి ఆ అలలకూ నీలం లేదు. అదీ నిజాయితీగల మరమ్మతు అంటే. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఇలాంటి పాత చిత్రాల ఆకాశాలకు కంప్యూటర్‌తో నీలం పూసి పెడుతున్నారు. వాటి జోలికి పోకండి. ఆర్కైవులు బాగుచేసిన ప్రతులనే వెతకండి. 2016లో బాగుచేసిన ‘కింగ్ ఆఫ్ జాజ్’ డిస్కు రూపంలో దొరుకుతోంది. చూసేముందు టీవీలో రంగులు పెంచే మోడ్ ఆపి, గదిలో దీపాలు తగ్గించండి. మొదటి పది నిమిషాలు ఓపిక పట్టండి, ఆ తర్వాత మీ కన్నే సర్దుకుంటుంది.