తుగ్గలి రైలెక్కి ఢిల్లీ విమానానికి

తుగ్గలి అంటే తొలకరికి వజ్రాలు వెదికే చేలున్న ఊరని పత్రికలు చదివేవారికి తెలుసు. వాన వెలిసీ వెలియగానే ఎక్కడెక్కడివారో వచ్చి, వంగి మట్టిలో చూస్తూ తిరుగుతారు. చవుక విమానం టిక్కెట్టు వెదకడం కూడా ఇంచుమించు అలాటి పనే. అయితే వజ్రానికి అదృష్టం కావాలి. టిక్కెట్టుకు కొంచెం భూగోళం, కొంచెం కూడికలు వస్తే చాలు. తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు ఈ విద్య ఎలా అబ్బిందో గాని, ఎవరికి ప్రయాణం పడినా "సార్, మీ ఫోనులో ఒకసారి చూడండి" అని వస్తూంటారు.

మొన్న వైశాఖంలో నా పాత శిష్యుడొకడికి ఢిల్లీ నుంచి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. వ్యవధి ఐదు రోజులు. గుంతకల్లు, ఆదోనిల మీదుగా పోయే కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగు జాబితా చాంతాడంత ఉంది. తత్కాల్‌ను నమ్ముకొని కూర్చుంటే, అది దొరకనినాడు ఇంటర్వ్యూ పోయినట్టే. వాళ్ల నాయన మెట్టచేలో బుడ్డలు వేసే రైతు. విత్తనానికని దాచిన సొమ్ము తెచ్చి నా ముందు పెట్టి, "దీంట్లోనే అయ్యేట్టు చూడు సార్, మిగిలితే విత్తనానికి మిగులుతుంది" అన్నాడు.

అందరివలెనే ముందు హైదరాబాదు చూచాము. ధర వినగానే ఆయన ముఖం వాడిపోయింది. చాలామంది అక్కడితో ఆశ వదులుకొంటారు. అసలు వెదుకులాట మొదలుకావలసింది అక్కడే.

మా స్టేషను చిన్నదే. కాని డోన్ వైపు పోతే కర్నూలు, మహబూబ్‌నగర్‌ల మీదుగా హైదరాబాదు చేరవచ్చు. గుంతకల్లు వైపు పోతే అనంతపురం, హిందూపురాల మీదుగా బెంగుళూరు, కడప, రేణిగుంటల మీదుగా చెన్నై, రాయచూరు మీదుగా ముంబాయి. నాలుగు పెద్ద విమానాశ్రయాలు మన రైలు పట్టాల చివర ఉన్నాయన్నమాట. ఆదోనివారికి ముంబాయి దారి వాకిట్లోనే ఉంది. ఎమ్మిగనూరువారు మాత్రం రైలుకోసం ముందు బస్సెక్కాలి.

రైలు ఛార్జీ కిలోమీటర్ల లెక్క. విమానానికి ఆ లెక్క లేదు. ఆ రోజు ఆ దారిలో ఎందరు పోటీ పడుతున్నారు, ఎన్ని సీట్లు మిగిలాయి అన్నదాన్నిబట్టి ధర పలుకుతుంది, సంతలో ఎద్దుకు పలికినట్టు. విమానాశ్రయం రుసుము ఒక్కోచోట ఒక్కో విధం. విమాన ఇంధనం జి.ఎస్.టి.లోకి రాలేదు గనుక, దానిమీద పన్ను ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే.

దగ్గరలో ఓర్వకల్లు లేదా అంటారేమో. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన ఆ విమానాశ్రయాన్ని 2021 మార్చి 25న ప్రారంభించారు. 28న బెంగుళూరు, చెన్నై, విశాఖపట్నాలకు విమానాలు మొదలైనవి. ఉడాన్ పథకం చలవ అది. చూచుకోవలసిందే, కాని చిన్న విమానాశ్రయాల్లో సర్వీసులు వస్తూ పోతూ ఉంటాయి.

మాకు బెంగుళూరు కలిసివచ్చింది. అక్కడి విమానాశ్రయం 2008 నుంచి నగరానికి ఉత్తరాన, దేవనహళ్లి దగ్గర ఉంది. మన రైలు వచ్చేదీ ఉత్తరం నుంచే. కాబట్టి నగరం నడిబొడ్డుకు పోయి మళ్లీ వెనక్కి రావడం దండగ. యలహంకలో ఆగే బండి చూచుకొని అక్కడే దిగాలి. చెన్నైలోనైతే సెంట్రల్ నుంచి మెట్రో విమానాశ్రయానికే పోతుంది. రైలు, టాక్సీ, రెండుపూటల భోజనం అన్నీ కలిపి చూస్తే హైదరాబాదు ధరకంటే మూడోవంతు తగ్గింది. ఈ చిల్లర ఖర్చులు కలపకుండా చవుక అనుకొంటే అది చవుక కాదు.

ఒక్క ప్రమాదం ఉంది. రైలు టిక్కెట్టు వేరు, విమానం టిక్కెట్టు వేరు. బండి ఆలస్యమై విమానం తప్పితే విమానం కంపెనీ పూచీపడదు. అందుకే తెల్లవారే విమానం ఇంకా చవుకగా కనిపిస్తున్నా వద్దని, మధ్యాహ్నం దానికి కొన్నాను. కుర్రవాడు కొంచెం గొణిగాడు. ఆ రాత్రి బండి రెండున్నర గంటలు ఆలస్యంగా నడిచింది. అయినా వాడు తీరికగా ఇడ్లీ తిని విమానమెక్కాడు.

తిరిగి రావడానికి తొందరేముంది? కర్ణాటక ఎక్స్‌ప్రెస్‌లో స్లీపరు బెర్తు దొరికింది. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా 15 కిలోల పెట్టెకే అనుమతి. స్లీపరులో 40 కిలోలదాకా ఉచితం. ఢిల్లీలో పాత పుస్తకాలు బోలెడు కొని, మోయలేక మోసుకొంటూ గుంతకల్లులో దిగాడు. వాళ్ల నాయన మిగిలిన సొమ్ము లెక్కపెట్టుకొని ఆ వారమే విత్తనం తెచ్చుకొన్నాడు. ఉద్యోగం కబురు ఇంకా రాలేదు.