ఛాయాచిత్రం కోసం వంటకాన్ని సిద్ధం చేయడం: తెలుగు భోజనం ఆధారంగా ప్రాథమిక పరిచయం

వ్యాససంగ్రహం:

ఛాయాచిత్రం తీయడానికి ముందు వంటకాన్ని కంటికి అనువుగా సిద్ధం చేసే పనిని ఫుడ్ స్టైలింగ్ అంటారు. ఈ పనిని కొత్తగా నేర్చుకొనేవారికి దొరికే పాఠాలు చాలావరకు కేకులు, బర్గర్లు, సలాడ్ల వంటి నిలకడైన ఆకారం గల పదార్థాలను దృష్టిలో పెట్టుకొని తయారైనవి. పప్పు, పులుసు, పచ్చడి ప్రధానంగా ఉండే తెలుగు భోజనానికి అవి నేరుగా సరిపోవు. వెలుతురు, కోణం, రంగు, తేమ, సమయం అనే అంశాలను మన వంటకాలకు అన్వయించి వివరించడం, అలంకరణ ఏ హద్దు దాటితే మోసమవుతుందో చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫుడ్ స్టైలింగ్, ఛాయాచిత్రకళ, తెలుగు వంటకాలు, విస్తరి, ఔచిత్యం, వాణిజ్య ప్రకటనలు.

1. ప్రవేశిక:

కొన్నేళ్ల క్రితం ఇంట్లో వండిన ముద్దపప్పును రాత్రిపూట ట్యూబులైటు కింద ఫోనుతో ఫొటో తీశాను. తింటే కమ్మగా ఉన్న పప్పు ఫొటోలో సున్నంలో పసుపు కలిపినట్టు కనిపించింది. తప్పు పప్పుది కాదు, ఫోనుదీ కాదు. పప్పులోని వేడి, నెయ్యి వాసన, ముద్ద మెత్తదనం అనే మూడు గుణాలలో ఒక్కటైనా కంటికి కనబడే ఏర్పాటు నేను చేయలేదు. ఫుడ్ స్టైలింగ్ అంటే స్థూలంగా ఈ ఏర్పాటే. నాలుక, ముక్కు, చేయి గ్రహించే గుణాలకు కంటికి అందే గుర్తులు సమకూర్చడమే దాని పని.

ఇది సాహిత్య విద్యార్థులకు పూర్తిగా పరాయి విషయం కాదు. ఆముక్తమాల్యదలో శ్రీకృష్ణదేవరాయలు విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టే భోజనాన్ని ఋతువును బట్టి మార్చి వర్ణించాడు. వానాకాలంలో వరుగులు, వడియాలు వస్తాయి. వేసవిలో గోరువెచ్చని అన్నం, చల్లని పానీయాలు వస్తాయి. చలికాలంలో మిరియాల ఘాటు, పొగలు కక్కే కూరలు వస్తాయి. కవి పదార్థాల పేర్లతో తృప్తిపడలేదు. అవి వేడిగా ఉన్నాయా, చల్లగా ఉన్నాయా, పొడిగా ఉన్నాయా, పలుచగా ఉన్నాయా అన్నది పట్టించుకొన్నాడు. కెమెరా ముందు పళ్లెం పెట్టేవారు మొదట వేసుకోవలసిన ప్రశ్న కూడా ఇదే: ఈ వంటకం ఏ స్థితిలో ఉన్నప్పుడు తినాలనిపిస్తుంది? ఆ స్థితికి కంటికి కనబడే గుర్తు ఏమిటి?

2. వెలుతురు:

కొత్తవారికి ఖరీదైన దీపాలు అక్కరలేదు. నేరుగా ఎండ పడని ఒక కిటికీ చాలు. పళ్లేన్ని కిటికీ పక్కన బల్లమీద ఉంచి, వెలుతురు పక్కనుంచి గానీ, పళ్లెం వెనుకనుంచి ఏటవాలుగా గానీ వచ్చేటట్టు చూసుకోవాలి. ముందునుంచి, అంటే ఫొటో తీసేవారి వీపువైపు నుంచి వచ్చే వెలుతురు నీడలను మింగేస్తుంది. నీడ లేకపోతే మెతుకుకూ మెతుకుకూ మధ్య తేడా తెలియదు. ఫోను ఫ్లాష్ చేసే అపకారం కూడా ఇదే. వెనుకనుంచి వచ్చే వెలుతురు నెయ్యిమీద, పులుసుమీద మెరుపు పుట్టిస్తుంది. తడి అనే గుణానికి కంటికి దొరికే సాక్ష్యం ఆ మెరుపే. కిటికీకి ఎదురువైపు నీడ మరీ చిక్కబడితే అక్కడ ఒక తెల్లని చార్టు నిలబెడితే కొంత వెలుతురు వెనక్కి మళ్లుతుంది.

కిటికీ వెలుతురులో తీసేటప్పుడు ఇంట్లోని దీపాలన్నీ ఆర్పివేయాలి. పగటి వెలుతురుకూ బల్బు వెలుతురుకూ రంగు వేరు. రెండూ కలిస్తే పళ్లెంలో ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా కనిపిస్తుంది. ఏ ఒక్కదానికి సరిచేసినా రెండోది చెడుతుంది.

ఇడ్లీ విషయంలో మరో చిక్కు ఉంది. కెమెరా తనకు కనబడినదంతా సగటున ఒక మధ్యరకపు బూడిదరంగు స్థాయిలో ఉందని ఊహించుకొని వెలుతురును లెక్కిస్తుంది. తెల్లని పళ్లెంలో తెల్లని ఇడ్లీలు పెడితే ఆ లెక్క తప్పి, ఇడ్లీలు నిన్నటివిలా మాసిపోయి కనబడతాయి. ఫోను తెరమీద ఇడ్లీని తాకి, వెలుతురు గీతను కొద్దిగా పైకి జరపాలి. ఇడ్లీ పైనున్న సన్నని గరుకుదనం మాయమయ్యేంతగా మాత్రం జరపకూడదు.

3. కోణం:

సూత్రం చిన్నదే. వంటకం అందం ఎటువైపు ఉందో అటునుంచి చూడాలి. దొంతరగా పేర్చిన ఇడ్లీలు, పొంగిన పూరీ, పూతరేకులు వంటి ఎత్తున్న వాటిని బల్లమట్టానికి దగ్గరగా ఉండి తీయాలి. విస్తరిని నిట్టనిలువుగా పైనుంచి తీయాలి. గిన్నెలోని పప్పుకు, కూరకు తినేవారి కంటి కోణం, అంటే దాదాపు 45 డిగ్రీలు నప్పుతుంది. ఫోనును మరీ దగ్గరకు తీసుకుపోతే అంచుల్లోని గిన్నెలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగుతాయి. రెండడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తీస్తే ఈ దోషం తగ్గుతుంది.

4. రంగు, తేమ, సమయం:

ఆహార ఛాయాచిత్రణంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. వంటకం నిలకడగా ఉండదు. వడ్డించిన క్షణంనుంచి మారుతూనే ఉంటుంది. అన్నం చల్లారేకొద్దీ అందులోని పిండిపదార్థం బిగుసుకొని మెతుకు మెరుపు కోల్పోతుంది. పప్పుమీద తొరక కడుతుంది. పచ్చడి చుట్టూ నీరు ఊరుతుంది. అప్పడం గాలిలోని తేమ పీల్చుకొని మెత్తబడుతుంది. పెసరట్టు అంచు కరకర కొద్ది నిమిషాల ముచ్చట. అందువల్ల వృత్తిలో ఉన్నవారు ఒకే వంటకానికి రెండు పళ్లేలు సిద్ధం చేసుకొంటారు. మొదటిది కొలతకోసం. దాన్ని పెట్టి వెలుతురు, కోణం, గిన్నెల అమరిక అన్నీ సరిచూసుకొంటారు. అంతా కుదిరాక దాన్ని తీసి, పెనంమీదినుంచి అప్పుడే దించిన రెండోదాన్ని అదే చోట పెడతారు. ఇంట్లో నేర్చుకొనేవారు కూడా మొదటి అట్టును ఇలా కొలతకు కేటాయించవచ్చు. ఎలాగూ మొదటి అట్టు సరిగా రాదు.

అన్నాన్ని ఫొటోకోసం కొంచెం పలుకుగా వండి, తడిబట్ట కప్పి ఉంచుకోవాలి. పప్పు చిక్కబడితే వేడినీళ్లు చిలకరించి కలిపితే తొరక పోతుంది. తాలింపును చివరిదాకా వేయకూడదు. ఎండుమిరప, కరివేపాకు, ఆవాలు పప్పులోకి మునిగిపోతే మిగిలేది పసుపుపచ్చని మైదానమే. కాబట్టి తాలింపును అంతా సిద్ధమయ్యాక పైన పోయాలి. నెయ్యిదీ ఇదే వరుస. చలికాలంలో నెయ్యి నిమిషాల్లో పేరుకొంటుంది. అన్నం మధ్య చేసిన గుంటలో కరిగిన నెయ్యి పోసిన వెంటనే తీసిన ఫొటోకూ, పది నిమిషాల తరువాత తీసిన ఫొటోకూ పోలికే ఉండదు.

రంగు విషయంలో కొన్ని వంటకాలతో పోట్లాడకపోవడమే మంచిది. గోంగూర ఇందుకు తగిన ఉదాహరణ. ఉడికేటప్పుడు ఆ ఆకులోని ఆమ్లం పత్రహరితంలోని మెగ్నీషియాన్ని తొలగిస్తుంది. ఆకుపచ్చ పోయి ముదురు ఆలివ్ రంగు వస్తుంది. పచ్చదనం నిలపడానికి వంటసోడా వేస్తే ఆకు జావకారి, గోంగూరకు ప్రాణమైన పులుపు చస్తుంది. దానికంటే ఆ ముదురు రంగును అంగీకరించి, పక్కన పచ్చి ఉల్లిపాయ, పైన వేయించిన ఎండుమిరప పెడితే తెలుగువారు చూసీచూడగానే గుర్తుపడతారు. గుత్తివంకాయ ఊదారంగు కూడా నూనెలో, పులుసులో మగ్గాక నిలవదు. అక్కడ తొడిమే ఆధారం. తొడిమలన్నీ ఒకవైపుకు తిరిగేలా అమర్చి, తొక్కమీద కుంచెతో నూనె రాస్తే కాయ ఆకారం తేలుతుంది.

ఆవిరి కనబడాలంటే రెండు షరతులు కుదరాలి. వెలుతురు వెనుకనుంచి రావాలి. వెనుక ముదురురంగు తెర ఉండాలి. తెల్లగోడ ముందు ఎంత ఆవిరి లేచినా ఫొటోలో పడదు. వేడి చేసిన తడిదూదిని గిన్నె వెనుక దాచి పొగలు చూపించే చిట్కా స్టూడియోలలో ప్రసిద్ధం. అన్నం అప్పుడే వార్చుకొనే మనకు ఆ అవసరం అరుదు.

వెలుతురు పూర్తిగా ఒక వంటకానికి మేలుచేసే సందర్భం పూతరేకులది. కోనసీమలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. బోర్లించిన కుండమీద పలుచని బియ్యపు పిండినీళ్లతో తీసే ఈ రేకు గుణమంతా దాని పలుచదనంలో ఉంది. ముందునుంచి వెలుతురు వేస్తే అది మడతపెట్టిన కాగితంలా కనబడుతుంది. వెనుకనుంచి వేస్తే పొరలలోనుంచి వెలుతురు దూసుకొచ్చి, లోపలి బెల్లంపొడి నీడ సైతం తెలుస్తుంది.

5. అమరికలో ఔచిత్యం:

11వ శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యవిచారచర్చలో, తగినచోట ఉన్నప్పుడే అలంకారం అలంకారమవుతుందని ప్రతిపాదించాడు. మొలనూలును మెడలో వేసుకొంటే నవ్వులపాలవుతారన్నది ఆయన చూపిన పోలిక. పప్పన్నం పక్కన ముళ్లచెంచా, రుమాలు మడత కనిపించే ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఆ మొలనూలు గుర్తుకొస్తుంది. వంటకం చుట్టూ పచ్చిదినుసులు వెదజల్లడం కూడా ఇప్పుడు ఒక అలవాటైంది. పులిహోర చుట్టూ పోసిన పసుపు, ఆవాలు, శనగపప్పు చూస్తే ఎవరో డబ్బాలు ఒలకబోసినట్టే ఉంటుంది.

విస్తరికి స్వంత వ్యాకరణం ఉంది. అరటాకు కొస తినేవారి ఎడమచేతివైపు ఉండాలన్నది ఆచారం. పైనుంచి తీసిన ఫొటోలో కింది అంచు తినేవారి స్థానం. కాబట్టి ఆకు కొస చిత్రంలో ఎడమవైపు రావాలి. ఫొటోను అందంకోసం తిప్పితే విస్తరి తలకిందులవుతుంది. కుడిచేతికి అందవలసిన అన్నం ఆకు పైఅంచుకు పోతుంది. కొత్తవారు ఈ పొరపాటు తరచుగా చేస్తారు. తెలిసినవారి కంటికి అది అచ్చుతప్పులా గుచ్చుకొంటుంది. విస్తరిలో అన్నీ ఒకేసారి నింపకుండా కొంత ఖాళీ ఉంచడం మంచిది. ఆకుపచ్చని ఖాళీయే వంటకాలను వేరుచేసి చూపుతుంది. అన్నంలో కలుపుతున్న కుడిచేయి చిత్రంలో ఉంటే మరీ మంచిది. మన భోజనం చేతితో కలిపినప్పుడే పూర్తవుతుంది కదా!

6. అలంకరణకూ మోసానికీ మధ్య:

పులుసులో ముక్కలు అడుగుకు దిగుతాయి. ఫొటోలో వట్టి రసమే కనిపిస్తుంది. ఈ చిక్కు మనకొక్కరికే కాదు. అమెరికాలో కాంప్‌బెల్ సూప్ ప్రకటనలకోసం గిన్నె అడుగున గాజుగోళీలు వేసి కూరగాయ ముక్కలను పైకి తేల్చారు. సూప్‌లో ఉన్నవాటికంటే ఎక్కువ ముక్కలున్నాయన్న భ్రమ కలుగుతోందని ఆ దేశపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభ్యంతరపెట్టింది. ఆ వ్యవహారంలో 1970లో ఉత్తర్వు వెలువడింది. అంతకుముందు 1965లో కోల్గేట్ పామోలివ్ సంస్థ గడ్డం సబ్బు ప్రకటనపై తీర్పు చెబుతూ అమెరికా సుప్రీంకోర్టు ఒక ఆసక్తికరమైన భేదం చూపింది. స్టూడియో దీపాల వేడికి కరిగే ఐస్‌క్రీముకు బదులు బంగాళాదుంప ముద్దను వాడటం వేరు, ఆ ముద్దనే వస్తువు గుణానికి రుజువుగా చూపడం వేరు.

కొత్తవారికి ఈ భేదం చాలా అవసరం. మనదేశంలో 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలోని 53వ సెక్షన్ ఆహారపదార్థాల గురించి తప్పుదోవ పట్టించే ప్రకటనలకు 10 లక్షల రూపాయల వరకు జరిమానా విధించే వీలు కల్పిస్తోంది. ఇంట్లో పచ్చళ్లు, పిండివంటలు చేసి ఫోను ద్వారా అమ్ముకొనే మహిళలు నేడు ఊరూరా ఉన్నారు. వారి కొనుగోలుదారు రుచి చూసి కొనడు, ఫొటో చూసి కొంటాడు. అక్కడ ఫొటో ఒక మాట ఇచ్చినట్టే. పులుసు ముక్కలు కనబడాలంటే లోతైన గిన్నె మాని, వెడల్పాటి పళ్లెంలో పలుచగా వడ్డించవచ్చు. ఇది అలంకరణ. అడుగున చిన్నగిన్నె బోర్లించి ముక్కలను కుప్పగా చూపడం గోళీల దారి. కూరగాయమీద నీటిచుక్కలు నిలవడానికి నీళ్లలో గ్లిజరిన్ కలిపి చల్లడం పత్రికలో వచ్చే చిత్రానికైతే నష్టంలేదు. ఆ కూరగాయనే తాజాదంటూ అమ్మేవారు అలా చేయకూడదు. నేను విద్యార్థులకు చెప్పే నియమం ఒక్కటే. ఫొటో తీసిన తరువాత ఆ పళ్లెం భోజనానికి పనికిరావాలి. స్టూడియో వృత్తికి ఇది మరీ ఇరుకైన నియమమని తెలుసు. నేర్చుకొనే దశలో మాత్రం అది చాలా ప్రలోభాలనుంచి కాపాడుతుంది.

ఆవకాయ విషయమే తీసుకొందాం. కలిపిన రోజు అది పొడిపొడిగా, ఎర్రని పిండి పట్టిన ముక్కల్లా ఉంటుంది. ఫొటోలో బాగుండటానికి అమ్మకందారులు కొందరు పైన అదనంగా నూనె పోస్తారు. కొన్నవారికి చేరే సీసాలో ఆ నూనె ఉండదు. జాడీకి గుడ్డ కట్టి మూడోరోజు తిరగకలిపేసరికి ముక్క ఊట వదిలి, నూనె తనంతట తానే పైకి తేలుతుంది. ఆవకాయను ఫొటో తీయవలసింది ఆ రోజు ఉదయం, కిటికీ దగ్గర, గరిటె ఇంకా జాడీలో ఉండగానే.