బడి వంటమ్మల ప్రత్యక్ష వంటల పోటీలు: కొలతకు లోబడిన రుచికే పట్టం

పాఠశాలల్లో మధ్యాహ్న భోజనం వండే మహిళలకు వంటల పోటీలు నిర్వహించడం విద్యాశాఖ కార్యక్రమాలలో భాగమైంది. 2021 సెప్టెంబరు 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పి.ఎం. పోషణ్ పథకం, గ్రామ స్థాయి నుంచి రాష్ట్ర స్థాయి వరకు ఈ పోటీలను ప్రోత్సహించవలసిందిగా సూచించింది. స్థానికంగా లభించే ధాన్యాలు, కూరగాయలతో ప్రాంతీయ వంటకాలకు, నూతన వంటకాలకు ప్రాచుర్యం కల్పించడం వీటి ఉద్దేశం. అయితే ఇంటి వద్ద వండి తెచ్చి, బల్లలపై అలంకరించే వంటకాల ప్రదర్శన వేరు. సరుకు తూచడం మొదలు వడ్డన వరకు న్యాయనిర్ణేతల కళ్లెదుట సాగే ప్రత్యక్ష పోటీ వేరు. పథకానికి నిజంగా ఉపకరించేది రెండవది. అది ఎందువలన అన్నది పాత్రికేయ మిత్రులకు, క్షేత్రస్థాయి అధికారులకు వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

1995 ఆగస్టు 15న దేశంలో ఈ పథకం ప్రారంభమైనప్పుడు అనేక రాష్ట్రాలలో విద్యార్థులకు బియ్యం మాత్రమే ఇచ్చేవారు. వండిన భోజనమే పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 నుంచి బడులలో పొయ్యి వెలిగింది. ఆ పొయ్యి బాధ్యతను స్వీకరించినవారిలో అత్యధికులు గ్రామాలలోని స్వయం సహాయక సంఘాల మహిళలు.

వారు వండవలసిన భోజనానికి కచ్చితమైన కొలతలున్నాయి. ప్రాథమిక పాఠశాల విద్యార్థి ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె వినియోగించాలి. తద్వారా 450 కేలరీల శక్తి, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. ప్రాథమికోన్నత తరగతుల వారికి 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు లక్ష్యం. బియ్యం కేంద్రం ఉచితంగా సరఫరా చేస్తుంది. పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరకు లేదా గ్యాసు ఖర్చుల నిమిత్తం 2025 మే 1 నుంచి నిర్ణయించిన కనీస ధర ప్రాథమిక స్థాయిలో రోజుకు రూ. 6.78, ప్రాథమికోన్నత స్థాయిలో రూ. 10.17. అంటే నూరుగురు చిన్నారులకు 2 కిలోల పప్పు, 5 కిలోల కూరగాయలు, అరకిలో నూనె, పొయ్యి ఖర్చు అన్నీ కలిపి రూ. 678లో సరిపుచ్చుకోవాలి. గుడ్లు మొదలైన వాటికి రాష్ట్ర ప్రభుత్వాలు వెచ్చించే మొత్తం దీనికి అదనం.

పోటీకి అసలు గిరి ఇదే. నేతితో ఘుమఘుమలాడే బొబ్బట్లు, కరకరలాడే గారెలు బల్లపై ఎంత శోభగా ఉన్నా, రెండు గారెలు పీల్చుకునే నూనెతోనే విద్యార్థి రోజువారీ వాటా దాటిపోతుంది. అటువంటి వంటకానికి ప్రథమ బహుమతి లభిస్తే, మరునాడు ఏ పాఠశాలలోనూ అది వండడానికి వీలుండదు. ఇందుకు భిన్నంగా మునగాకు పప్పు, తోటకూర పులుసు, రాయలసీమ రాగి సంగటి, తెలంగాణ జొన్న గటక, ఉత్తరాంధ్ర చోడి అంబలి వంటివి తక్కువ నూనెతో, ఊరి సరుకుతో అయ్యేవి. 2023 అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం తరువాత వీటిపై శ్రద్ధ పెరిగింది. పోటీకి వచ్చే ప్రతి బృందానికి నిర్ణీత పరిమాణంలో సరుకు తూచి ఇవ్వడం, లేదా వారు తెచ్చిన సరుకును ముందుగా తూచడం అవసరం. తక్కెడ లేని పోటీలో తీర్పు అలంకరణకే అనుకూలంగా వస్తుంది.

ప్రత్యక్ష పోటీలో మాత్రమే తెలిసే విషయాలు మరికొన్ని ఉన్నాయి. ఆకుకూరను తరిగిన తరువాత కడిగితే నీటిలో కరిగే విటమిన్లు కొట్టుకుపోతాయి. కడిగిన తరువాతే తరగాలి. నిమ్మరసాన్ని పొయ్యి దించాక పిండితే అందులోని సి విటమిన్ నిలిచి, ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. గంజి వార్చితే బి విటమిన్లు గంజితో పోతాయి. బలవర్ధక బియ్యం పాఠశాలలకు రావడం మొదలైనప్పుడు, కడుగుతుండగా పైకి తేలిన పోషక గింజలను కొన్నిచోట్ల ప్లాస్టిక్ బియ్యంగా భ్రమపడి ఏరి పారవేశారు. పత్రికలలో సైతం ఆ అపోహ వార్తగా రావడం విచారకరం. వండిన పదార్థాన్ని రుచి చూసిన న్యాయనిర్ణేతకు ఈ సంగతులేవీ తెలియవు. వంట చూసినవారికే తెలుస్తాయి.

పరిశుభ్రతకు మార్కులు కేటాయించడం లాంఛనం కాదు. 2013 జులై 16న బీహార్‌లోని ఛప్రా సమీపాన ఒక పాఠశాలలో, మోనోక్రోటోఫాస్ పురుగుమందు కలిసిన భోజనం తిని 23 మంది బాలబాలికలు మరణించారు. వడ్డనకు ముందు ఉపాధ్యాయులు రుచి చూడాలన్న నిబంధన దేశమంతటా గట్టిగా చర్చకు వచ్చింది అప్పుడే. నూనె డబ్బా దేనిది, అంతకుముందు అందులో ఏముండేది, సరుకుల గదిలో పక్కన ఏమున్నది అనే ప్రశ్నలు పోటీ ప్రాంగణంలో అడగడం వంటమ్మలను శంకించడం కాదు, అలవాటు చేయడం.

మార్కుల పట్టిక జిల్లాను బట్టి మారవచ్చు. పోషక విలువ, రుచి, పరిశుభ్రత, ఖర్చు సాధారణంగా అందులో ఉంటాయి. న్యాయనిర్ణేతలలో పోషకాహార నిపుణులతో పాటు విద్యార్థులకు స్థానం కల్పించడం మంచిది. పిల్లవాడు పళ్లెంలో వదిలివేసిన కూరలోని మాంసకృత్తులు లెక్కలోకి రావు కదా! పది మందికి వండిన రుచి నూరు మందికి వండితే నిలుస్తుందా అన్నది కూడా పరిశీలించవలసినదే. నిబంధనల ప్రకారం 26 నుంచి 100 మంది విద్యార్థులకు ఉండేది ఇద్దరు వంటవారే. ఇద్దరి చేతులతో మధ్యాహ్నం గంట కొట్టేలోగా పూర్తికాని వంటకం జాబితాలో చేరి ప్రయోజనం లేదు.

ఈ మహిళలకు కేంద్ర నిబంధనల ప్రకారం 2009లో నిర్ణయమైన గౌరవ వేతనం నెలకు రూ. 1,000, అది కూడా ఏడాదిలో 10 నెలలకే. రాష్ట్రాలు తమ నిధుల నుంచి అదనంగా జోడిస్తున్నాయి. వేదికపై శాలువా కప్పడంతో పాటు పోటీ రోజు ప్రయాణ ఖర్చులు, సరుకుల సొమ్ము అదే రోజు చెల్లించేలా నిర్వాహకులు చూడాలి. ఆ రోజు వారి పాఠశాలలో వంట ఎవరు చేస్తారో ముందుగానే ఖరారు చేయాలి.

పాత్రికేయ మిత్రులకు ఒక విన్నపం. బహుమతి ప్రదానం ఫొటోతో పాటు విజేత వంటకం వివరాలు, నూరు మందికి పట్టే కొలతలు, ఒక్కొక్కరికి అయిన ఖర్చు కూడా ప్రచురించగలరు. ఈ సమాచారాన్ని పోటీ ముగిసిన వెంటనే విలేకరులకు లిఖితపూర్వకంగా అందజేయడం, అదే ప్రతిని మండల విద్యాధికారుల ద్వారా అన్ని పాఠశాలలకు పంపడం నిర్వాహకుల బాధ్యత.