వంటింటి కాటా మీద మా ఇంటి ఇనుము

అమ్మ పిండి, బెల్లం తూచుకునే చిన్న డిజిటల్ కాటా మీద ఇనుప చువ్వ ముక్క పెట్టాను. 799 గ్రాములు. తీసి మళ్లీ పెట్టాను. 801. అది 12 ఎంఎం చువ్వ, సరిగ్గా ఒక మీటరు కోయించిన ముక్క. ఉండాల్సింది 888 గ్రాములు.

"కాటా తప్పమ్మాయ్" అన్నారు మేస్త్రీ గారు. కిలో పంచదార ప్యాకెట్ తెచ్చి పెట్టాను. కిలో మీద నాలుగు గ్రాములు చూపించింది, కవరు బరువు కాబోలు. ఆయన ఇంకేం అనలేదు. నాన్న మాత్రం నా వైపు కోపంగా చూశారు.

తెనాలి దగ్గర మాకున్న 4 సెంట్లలో ఇల్లు మొదలుపెట్టాం. సగం నాన్న రిటైర్మెంట్ డబ్బు, సగం నా పేరు మీద తీసిన లోన్. నాది హైదరాబాద్‌లో జాబ్, శని ఆదివారాలు వెళ్లి చూసి రావడమే. మేస్త్రీ గారు నాన్నకి ఎప్పట్నుంచో తెలిసినాయన. మెటీరియల్‌తో సహా చదరపు అడుక్కి ఇంత అని మాట్లాడుకున్నారు. కాగితం కూడా రాసుకున్నారు. కాకపోతే అందులో ఇనుము గురించి ఉన్నది రెండే మాటలు: "మంచి ఇనుము".

లెక్క చాలా ఈజీ. చువ్వ సైజుని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వచ్చేస్తుంది. 8 ఎంఎం అయితే 395 గ్రాములు, 10 అయితే 617, 16 అయితే కిలో 580. తయారీలో కాస్త అటూ ఇటూ అవుతుంది, 12 ఎంఎంకి ఐదారు శాతం దాకా ఫర్వాలేదు. మాది పది శాతం తక్కువ. మీరు కిలోల లెక్కన కొంటే డబ్బు నష్టం లేదనుకుంటారు. నిజమే, డబ్బు పోదు. పిల్లర్‌లో ఉండాల్సిన ఇనుము పోతుంది. ఎందుకంటే ఇంజినీరు డ్రాయింగ్‌లో రాసేది చువ్వల సంఖ్య, కిలోలు కాదు.

అసలు నాకు అనుమానం వచ్చింది బరువు వల్ల కాదు. కొన్ని చువ్వల మీద కంపెనీ పేరు లేదు. సరైన సరుకైతే చువ్వ పొడవునా పేరు, సైజు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. కట్టకి కట్టిన ట్యాగ్ మీద ఐఎస్ 1786 అని, ఐఎస్ఐ గుర్తు, లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరుని ఫోన్లో బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో చెప్పేస్తుంది. ఇంకోటి, షాపులో "550 తీసుకోండి, 500 కంటే స్ట్రాంగ్" అంటారు. ఆ అంకె ఎంత లాగుడుకి చువ్వ సాగడం మొదలుపెడుతుందో చెబుతుంది, అంతే. ఇంటికి చూసుకోవాల్సింది పక్కనున్న 'డి' అక్షరం. 500 రకం తెగేలోపు కనీసం 12 శాతం సాగాలి, 500డి అయితే 16 శాతం. భూమి ఊగినప్పుడు పుటుక్కున తెగకుండా సాగేదే కదా మనకి కావాలి.

సోమవారం పొద్దున పునాది కాంక్రీటుకి ముహూర్తం. లోడు వెనక్కి పంపాలన్నాను. "పది రోజుల దాకా మంచి రోజు లేదు. పరిచయస్తుణ్ని దొంగని చేస్తావా?" అన్నారు నాన్న. ఆ రాత్రి అన్నం తినకుండానే పడుకున్నారు. ఆ ఇనుమే వాడేస్తే ఏమయ్యేది? వెంటనే ఏమీ అయ్యేది కాదు. గృహప్రవేశం బ్రహ్మాండంగా జరిగిపోయేది. చిక్కంతా అక్కడే.

ఆదివారం పొద్దున మేస్త్రీ గారే వచ్చారు. "మీ నాన్నగారు బేరమాడి అడుక్కి 150 రూపాయలు తగ్గించారమ్మా. ఆ రేటులో కంపెనీ ఇనుము ఎక్కడి నుంచి తేను?" అన్నారు. నాకు కోపం వచ్చింది కానీ అందులో అబద్ధం లేదు. తగ్గించినప్పుడు ఎక్కడ తగ్గుతుందో మేమూ అడగలేదు.

లోడు వెనక్కి వెళ్లింది. మేస్త్రీ గారు మాత్రం ఉన్నారు, ఈసారి లేబర్ కాంట్రాక్ట్ మీద. ఇనుము, సిమెంటు మేమే కొంటాం. కొత్త కాగితంలో గ్రేడు, సైజులు అన్నీ రాశాం. డబ్బు కూడా దశలవారీగా: పునాది అయ్యాక ఇంత, స్లాబ్ అయ్యాక ఇంత. పెద్ద అడ్వాన్స్ లేదు. ఇంజినీరు వచ్చి చువ్వలు చూసి సరేనన్నాకే కాంక్రీటు పోయాలన్న షరతు కూడా పెట్టాం.

ఆ షరతే ఎక్కువ పనికొచ్చింది. పిల్లర్ రింగులు డ్రాయింగ్‌లో 6 అంగుళాలకొకటి, కట్టింది 9కి. కొక్కేలు లోపలికి 135 డిగ్రీలు వంచాల్సింది, మామూలుగా 90కే వంచేశారు. అలా అయితే గట్టిగా ఊగినప్పుడు రింగు విడిపోతుంది. కవర్ బ్లాకులకి బదులు కంకర రాళ్లు పెట్టారు. పిల్లర్‌కి 40 ఎంఎం, స్లాబ్‌కి 20 ఎంఎం కాంక్రీటు కవరు లేకపోతే చెమ్మ లోపలికెళ్లి చువ్వ తుప్పు పడుతుంది. అన్నీ మళ్లీ కట్టించడానికి ఒకటిన్నర రోజు పట్టింది. ఆ కూలి మేమే ఇచ్చాం, గొడవ పెట్టుకోలేదు.

మొన్న స్లాబ్ వేశారు. దాని మీద మట్టితో గట్లు కట్టి నీళ్లు నిలబెట్టారు. నాన్న రోజూ పొద్దున్నే ఎక్కి చూసి వాట్సాప్‌లో ఫొటో పంపుతున్నారు. దాంతోపాటు నిన్న ఇంకో ఫొటో వచ్చింది: మెట్ల కోసం తెచ్చిన 10 ఎంఎం ముక్క, కాటా మీద 612. కింద ఒక్క మాట: "ఓకేనా?"

అమ్మ మాత్రం కాటాకి సిమెంటు పట్టేసిందని, కొత్తది కొనివ్వమని ఒకటే పోరు.