డి డ్రైవులో దాచుకున్న భద్రత

2009 జూలై. దోహాలో శుక్రవారం పొద్దున్న, బయట ఎండ మండిపోతోంది. కాఫీ కప్పుతో వచ్చి లాప్‌టాప్ ఆన్ చేశాను. విండోస్ రాలేదు. నల్లటి తెర మీద ఓ తెల్ల గీత, లోపలినుంచి "టిక్... టిక్..." అని చప్పుడు. ఈ రంగంలో ఉన్నవాళ్ళకి ఆ చప్పుడుకి అర్థం వేరే చెప్పక్కర్లేదు.

"ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి కదండీ?" అంది మా ఆవిడ.

"కంగారు పడకు, బ్యాకప్ ఉంది," అన్నాను ధీమాగా. నిజంగానే ఉంది. నార్టన్ ఘోస్ట్‌తో సి డ్రైవు మొత్తానికి ఇమేజ్ తీసి పెట్టాను, ఫొటోలూ వీడియోలూ కాపీ చేసి పెట్టాను. ఎక్కడ? డి డ్రైవులో!

నవ్వకండి. మీలో ఎంతమంది ఇదే పని చేస్తున్నారో ఒకసారి చూసుకోండి. సి, డి అనేవి రెండు డిస్కులు కావు, ఒకే డిస్కు మీద మనం గీసుకున్న గీతలు. ఒకే పడవలో రెండు మూటలు పెట్టి, ఒకటి మునిగితే రెండోది ఉందిలే అనుకున్నట్టు. ఆ డిస్కులో నాన్న మాట్లాడిన గంటసేపు వీడియో ఉంది. అంతకుముందు సంక్రాంతికి వెళ్ళినప్పుడు, ఆయన చిన్ననాటి సంగతులు అడిగి చెప్పించుకున్నది. డిస్కు పోయేనాటికి నాన్న పోయి నాలుగు నెలలు.

డేటా తీసిచ్చే దుకాణంవాళ్ళు డిస్కు పళ్ళేల మీద గీతలు పడ్డాయని చెప్పి చేతులెత్తేశారు. చివరికి మిగిలింది పన్నెండు నిమిషాలు. కాకినాడలో అన్నయ్యకి అప్పట్లో ఓ డీవీడీ రాసి పంపాను, అందులో పట్టినంత. "ఆఫీసులో అందరి డేటా కాపాడతారు, ఇంట్లోది మాత్రం గాలికొదిలేశారు," అంది మా ఆవిడ. చెప్పేవి శ్రీరంగనీతులు అన్న సామెత నాకోసమే పుట్టిందేమో.

ఇహ అసలు విషయానికొద్దాం.

ఇమేజ్ అంటే ఏమిటి?

ఫైళ్ళు కాపీ చెయ్యడం అంటే ఇల్లు మారేటప్పుడు సామాను మాత్రం సర్దుకుపోవడం. కొత్త ఇంట్లో మళ్ళీ గ్యాసు పెట్టించుకోవాలి, ఫాన్లు బిగించుకోవాలి. డిస్కు ఇమేజ్ అంటే ఇంటిని ఇల్లుగా ఎత్తి పక్క స్థలంలో దింపడం. ఆపరేటింగ్ సిస్టమ్, ప్రోగ్రాములు, సెట్టింగులు, కంప్యూటరు మొదలవడానికి కావలసిన రహస్య విభాగాలు, అన్నీ ఉన్నవున్నట్టు ఒకే పెద్ద ఫైలులోకో, కొన్ని ఫైళ్ళలోకో వస్తాయి.

ఈనాటి కంప్యూటర్లలో సి డ్రైవు ఒక్కటీ తీస్తే చాలదు. బూట్ చేసే ఈఎఫ్ఐ విభాగం, రికవరీ విభాగం విడిగా ఉంటాయి. అందుకే మొత్తం డిస్కుని ఎంచుకోవాలి. 500 జీబీ డిస్కులో 120 జీబీయే వాడుతుంటే ఇమేజ్ కూడా దాదాపు అంతే, కుదిస్తే ఇంకా తక్కువ వస్తుంది. ఎందుకంటే మంచి సాఫ్టువేరు ఖాళీ గడులను వదిలేసి వాడిన గడులనే చదువుతుంది.

ఏ సాఫ్టువేరు?

న్యూజిలాండ్‌లో పుట్టిన ఘోస్ట్‌ని 1998లో సిమాంటెక్ కొనుక్కుంది. నార్టన్ ఘోస్ట్ అమ్మకాలు 2013లో ఆగిపోయాయి. విండోస్‌లో సిస్టమ్ ఇమేజ్ తీసే పాత సాధనం ఉంది గానీ, దాన్ని ఇక మెరుగుపరచబోమని మైక్రోసాఫ్ట్ 2017లోనే చెప్పింది. మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత వెర్షనుకి 2024 నుంచి మార్పులూ చేర్పులూ లేవు. నేను వాడేది క్లోన్‌జిల్లా. తైవాన్‌లో తయారైన ఉచిత సాఫ్టువేరు. చూడ్డానికి పాతకాలపు నీలం తెరలాగ ఉంటుంది, పని మాత్రం పక్కాగా చేస్తుంది.

పద్ధతి ఇదీ. క్లోన్‌జిల్లాని ఓ యూఎస్‌బీ పుల్ల మీద రాసి, దానితో కంప్యూటరుని బూట్ చెయ్యండి. "డివైస్-ఇమేజ్" ఎంచుకుని, ఇమేజ్ దాచడానికి బయటి డిస్కుని చూపించండి. తీసేటప్పుడు "సేవ్‌డిస్క్", తిరిగి పెట్టేటప్పుడు "రిస్టోర్‌డిస్క్". తీశాక, ఇమేజ్ పనికొస్తుందో లేదో సరిచూడమంటారా అని అడుగుతుంది. ఔననండి. 120 జీబీని సెకనుకి 100 ఎంబీ చొప్పున రాస్తే ఇరవై నిమిషాలు, సరిచూడటంతో కలిపి గంటలోపు. అదే 120 జీబీని 20 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మీద క్లౌడుకి పంపాలంటే పదమూడు గంటల పైనే.

జారిపడే చోట్లు

ఒకటి, రిస్టోర్ చేసేటప్పుడు ఎంచుకున్న డిస్కు మీద ఉన్నదంతా పోతుంది. డిస్కు పేరూ, సైజూ రెండుసార్లు చదివి గానీ ఎంటర్ నొక్కకండి. ఇమేజ్ తీసిన తర్వాత చేరిన ఫైళ్ళుంటే ముందు వాటిని పక్కన పెట్టుకోండి.

రెండు, కొత్త డిస్కు పాతదానికన్నా చిన్నదైతే మామూలు పద్ధతిలో రిస్టోర్ కాదు. సమానమో, పెద్దదో ఉండాలి.

మూడు, చాలా కొత్త లాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటుంది. అప్పుడు క్లోన్‌జిల్లాకి ఏది ఖాళీయో తెలియక డిస్కు మొత్తం చదువుతుంది. డిస్కు మార్చినా, మదర్‌బోర్డు మార్చినా విండోస్ 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది కాగితం మీద రాసి భద్రంగా పెట్టుకోండి. ఆ కీని అదే కంప్యూటరులో దాచుకుంటే నా డి డ్రైవు కథే మళ్ళీ.

నాలుగు, ఇమేజ్‌లోంచి ఒక్క ఫొటో కావాలంటే క్లోన్‌జిల్లాతో తలనొప్పి. అందుకని ఫొటోలూ కాగితాలూ మామూలు ఫైళ్ళుగా కూడా విడిగా కాపీ చేసుకోండి. ఇమేజ్ యంత్రం కోసం, కాపీ జ్ఞాపకాల కోసం.

డిస్కుని తగిలించి ఉంచకండి

2012 ఆగస్టు 15న సౌదీ అరాంకో మీద షమూన్ అనే వైరస్ దాడి చేసింది. సుమారు 30,000 కంప్యూటర్లలో ఫైళ్ళు చెరిపి, బూట్ అవడానికి కావలసిన మొదటి సెక్టారుని కూడా తుడిచేసింది. అదే నెలాఖరుకి ఇక్కడ ఖతర్‌లో రాస్‌గ్యాస్ ఆఫీసు కంప్యూటర్లకి కూడా వైరస్ తగిలింది. గ్యాసు ఉత్పత్తికి దెబ్బ తగల్లేదు గానీ ఈమెయిలు, వెబ్‌సైటు ఆగిపోయాయి. ఆ వారం దోహాలో మాలాంటివాళ్ళు ఎక్కడ కలిసినా అదే మాట.

ఇంటికి అందులోంచి నేర్చుకోవలసింది ఒకటుంది. ఎప్పుడూ తగిలించి ఉండే బ్యాకప్ డిస్కుని వైరస్ కూడా చూస్తుంది. పని అవగానే తీగ పీకి బీరువాలో పెట్టండి. కారులో మాత్రం వదలకండి. ఇక్కడ వేసవిలో నీడలోనే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, అద్దాలు మూసిన కారు సంగతి చెప్పక్కర్లేదు.

మూడు, రెండు, ఒకటి

ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఇది: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి వేరే చోట. మా ఇంట్లో ఒకటి లాప్‌టాప్‌లో, ఒకటి బీరువాలోని డిస్కులో. మూడోది కాకినాడలో. ఏటా సెలవులకి వెళ్ళినప్పుడు పాస్‌వర్డు పెట్టిన కొత్త డిస్కు అన్నయ్యకిచ్చి, పాతది తెచ్చుకుంటాను. ముఖ్యమైన ఫొటోలు మాత్రం క్లౌడులో కూడా ఉంటాయి, అది రెండో రకం సాధనం కింద లెక్క.

ఆర్నెల్లకోసారి పాత డిస్కు ఒకటి తగిలించి ఇమేజ్‌ని నిజంగా రిస్టోర్ చేసి చూస్తాను. రిస్టోర్ చేసి చూడని బ్యాకప్ మీద నమ్మకం పెట్టుకోవడం వండి రుచి చూడని కూరని చుట్టాలకి వడ్డించడమే. మూడేళ్ళ కిందట మా అమ్మాయి లాప్‌టాప్ పరీక్షల ముందు రోజు రాత్రి చచ్చింది. కొత్త ఎస్ఎస్‌డీ బిగించి రిస్టోర్ పెట్టాను. నలభై నిమిషాల్లో తన తెర మీద వాల్‌పేపరుతో సహా వచ్చేసింది. "అంతేనా నాన్నా?" అంది. అంతే.

ఈ శుక్రవారం మీకు తీరిక ఉంటే ఓ గంట దీనికి కేటాయించండి. నాన్న వీడియోలో మిగిలిన ఆ పన్నెండు నిమిషాలూ ఆయన కాలవలో ఈత నేర్చుకున్న సంగతి మధ్యలో ఆగిపోతుంది. తర్వాత ఏమైందో అన్నయ్య ఒకలా చెబుతాడు, నాకు ఇంకోలా గుర్తు.